జీతం రాదు.. పన్ను గడువు వస్తుంది!

లక్షన్నరకు బిల్లు పెడితే ఖాతాలో లక్షా ముప్పై అయిదు వేలే పడ్డాయి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో చిన్న ఎడిటింగ్ సూట్ పెట్టుకుని సినిమాలు కత్తిరించే ఏ కుర్రాడికైనా తొలి పెద్ద పేమెంట్ రోజు జరిగేది ఇదే. ప్రొడక్షన్ మేనేజర్‌కి ఫోన్ చేస్తే "టీడీఎస్ పది శాతం కట్ చేశాం తమ్ముడూ, నీ ప్యాన్ మీద పడిపోతుందిలే" అంటాడు. అప్పుడు కుర్రాడు రెండు రకాలుగా అనుకుంటాడు. పదిహేను వేలు పోయాయన్నది ఒకటి. పన్ను కట్టేశాం కాబట్టి ఇక గొడవ లేదన్నది రెండోది. రెండూ తప్పే.

ఉద్యోగికి ఈ తలనొప్పి లేదు. ఆఫీసులో అకౌంట్స్ వాళ్ళు ఏప్రిల్‌లోనే అతని ఏడాది జీతం లెక్కగట్టి, నెలనెలా పన్ను కోసి, ప్రభుత్వానికి జమచేసి, జూన్‌లో ఫారం 16 చేతిలో పెడతారు. ఫ్రీలాన్సర్‌కి ఆ అకౌంట్స్ సెక్షన్ కూడా తనే. పైగా వచ్చే నెల పని ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషిని పట్టుకుని, మార్చి దాకా ఎంత సంపాదిస్తావో ఇప్పుడే అంచనా వేసి వాయిదాల్లో కట్టమంటుంది చట్టం. దాని పేరే అడ్వాన్స్ ట్యాక్స్, ముందస్తు పన్ను.

ఇది ఏ కొద్దిమంది గొడవో కాదు. దేశంలో గిగ్ కార్మికులు 2020-21లో 77 లక్షల మంది ఉన్నారనీ, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా కట్టింది. మాదాపూర్‌లో అమెరికా కంపెనీకి యాప్ డిజైన్ చేసే అమ్మాయి, విశాఖలో ఇంటి నుంచే కోడ్ రాసే కుర్రాడు, విజయవాడలో ఇంటీరియర్ డిజైనర్, ఓటీటీలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసే అనువాదకుడు, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' చూపించిన దారిలో పల్లెపల్లెకీ పుట్టుకొచ్చిన యూట్యూబర్లు.. వీళ్ళెవరికీ నెల జీతం లేదు. పన్ను మాత్రం అందరికీ ఉంది.

నాలుగు పదిహేనులు

సంపాదిస్తున్నప్పుడే పన్ను కట్టించుకోవాలన్న ఆలోచన యుద్ధకాలం నాటిది. అమెరికా 1943లో ఈ పద్ధతి తెచ్చింది. మరుసటేడాదే, 1944లో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1922 నాటి ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించి ఇక్కడా మొదలుపెట్టింది. యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం వచ్చింది, చట్టాలు రెండుసార్లు మారాయి. ముందస్తు పన్ను పద్ధతి మాత్రం పోలేదు.

ఇప్పటి నిబంధన ఇదీ: టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన పన్ను 10 వేల రూపాయలు, ఆపైన ఉంటే ముందస్తుగా కట్టాల్సిందే. జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబరు 15 నాటికి మొత్తం 45 శాతం, డిసెంబరు 15 నాటికి 75 శాతం, మార్చి 15 నాటికి నూరు శాతం. అరవై ఏళ్ళు దాటిన వారికి మినహాయింపు ఉంది కానీ, వ్యాపారం, వృత్తి ఆదాయం లేనివారికే. రిటైరయ్యాక కన్సల్టెన్సీ చేసుకునే ఇంజినీరు గారు "నాకు సీనియర్ సిటిజన్ కార్డుంది" అంటే చెల్లదు.

జూన్ వాయిదా 16వ తేదీన కట్టినా మూడు నెలల వడ్డీ పడుతుంది. లోటు మీద నెలకు ఒక శాతం చొప్పున మూడు శాతం. తొలి రెండు వాయిదాల్లో చట్టం కాస్త వెసులుబాటు ఇచ్చింది: జూన్‌లో 12 శాతం, సెప్టెంబరులో 36 శాతం కట్టి ఉంటే వడ్డీ వేయరు. గడువు రోజు బ్యాంకులకు సెలవైతే మర్నాడు కట్టొచ్చు.

ఇవన్నీ చదివి గాభరా పడక్కర్లేదు. చాలామంది ఫ్రీలాన్సర్లకు అసలు ఈ నాలుగు వాయిదాలూ వర్తించవు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, అదీ చిక్కు.

సగం లాభం.. సగం లెక్క

2016 బడ్జెట్‌లో వచ్చిన 44ఏడీఏ సెక్షన్ ఫ్రీలాన్సర్లకు దొరికిన పెద్ద వరం. చట్టం పేర్కొన్న వృత్తుల్లో ఉండి ఏడాది వసూళ్ళు 50 లక్షలు మించకపోతే, అందులో సగాన్ని లాభంగా చూపిస్తే చాలు. నగదు వసూళ్ళు 5 శాతం లోపే ఉంటే ఈ పరిమితి 75 లక్షలు. కరెంటు బిల్లులు, లాప్‌టాప్ రసీదులు దాచుకునే పని లేదు. ముందస్తు పన్నుకు కూడా నాలుగు గడువులు లేవు. మార్చి 15న ఒకేసారి కట్టొచ్చు.

కొత్త పన్ను విధానంతో కలిపి చూస్తే దీని బలం తెలుస్తుంది. 2025 బడ్జెట్ తర్వాత 12 లక్షల ఆదాయం దాకా రిబేటు పోగా పన్ను సున్నా. అంటే 44ఏడీఏ కింద ఏడాదికి 24 లక్షల బిల్లులు చేసిన డిజైనర్‌కి, వేరే ఆదాయం లేకపోతే, పైసా పన్ను లేదు. 30 లక్షల వసూళ్ళకు లాభం 15 లక్షలు. సెస్‌తో కలిపి పన్ను 1,09,200. 50 లక్షలకు 3,43,200. పరిమితి అంచున ఉన్న 75 లక్షలకు 7,33,200.

ఈ అంకెల పక్కన పది శాతం టీడీఎస్ పెట్టి చూడండి. 30 లక్షల మీద కోత 3 లక్షలు, పన్ను లక్షా తొమ్మిది వేలు. 75 లక్షల మీద కోత 7.5 లక్షలు, పన్ను 7.33 లక్షలు. ఎక్కడ చూసినా కోతే ఎక్కువ. క్లయింట్లందరూ ఇక్కడి కంపెనీలై, అందరూ పది శాతం కోస్తూ, వేరే ఆదాయం లేని 44ఏడీఏ ఫ్రీలాన్సర్‌కి ముందస్తు పన్నే పుట్టదు. అతను ఎదురుచూడాల్సింది రిఫండ్ కోసం. మొదట్లో చెప్పిన ఎడిటర్ కుర్రాడి పదిహేను వేలు ఎక్కడికీ పోలేదు. రిటర్న్ వేస్తే చాలావరకు, ఒక్కోసారి మొత్తంగా, వెనక్కి వస్తాయి. వృత్తి వసూళ్ళు 10 లక్షలు దాటితే పన్ను లేకపోయినా రిటర్న్ వేయడం తప్పనిసరి కూడా.

అంత డబ్బు ఏడాదిపాటు ప్రభుత్వం దగ్గర ఎందుకు ఉంచాలి అనుకునేవాళ్ళు తక్కువ కోతకు సర్టిఫికెట్ ఇమ్మని ఐటీ శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ హక్కు ఉందని తెలిసిన ఫ్రీలాన్సర్లు అరుదు. మనం ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం వడ్డీ, రిఫండ్ మీద వాళ్ళిచ్చేది అర శాతం అన్న సంగతి తెలిస్తే దరఖాస్తులు పెరుగుతాయేమో!

మరి చేతి నుంచి కట్టాల్సింది ఎవరు? డాలర్లలో బిల్లు చేసేవాళ్ళు. మాదాపూర్ డిజైనర్‌కి అమెరికా క్లయింట్ ఇక్కడి టీడీఎస్ కోయడు. 30 లక్షలు సంపాదిస్తే 1,09,200 మార్చి 15 లోపు తనే కట్టాలి. మరిచిపోయి జూలైలో రిటర్న్ వేసేటప్పుడు కడితే వాయిదా వడ్డీ 1,092, ఏప్రిల్ నుంచి నాలుగు నెలల వడ్డీ 4,368, కలిపి 5,460 రూపాయలు అదనం. సాంకేతిక సేవల పేరుతో రెండు శాతం, కాంట్రాక్టు పేరుతో ఒక శాతమే కోయించుకునేవాళ్ళదీ ఇదే దారి. కోత చిన్నదైతే ఖాతాలో ఎక్కువ పడుతుంది, మనసుకు హాయిగా ఉంటుంది. మార్చి వచ్చేసరికి తడిసి మోపెడవుతుంది.

జాబితాలో ఉన్నారా?

44ఏడీఏ అందరికీ కాదు. న్యాయవాది, డాక్టరు, ఇంజినీరు, ఆర్కిటెక్ట్, అకౌంటెంట్, టెక్నికల్ కన్సల్టెంట్, ఇంటీరియర్ డెకరేటర్, ఐటీ నిపుణులు, కంపెనీ సెక్రటరీలు.. ఇలా జాబితా ఉంది. మన ఫిల్మ్‌నగర్ జనానికి ఆసక్తి కలిగించేది ఇందులోని 'సినీ కళాకారులు' అన్న మాట. 1977లో చేర్చిన ఈ విభాగంలోకి నటులు, కెమెరామన్, దర్శకుడు, సంగీత దర్శకుడు, ఆర్ట్ డైరెక్టర్, డ్యాన్స్ మాస్టర్, ఎడిటర్, గాయకులు, పాటల రచయిత, కథ, స్క్రీన్‌ప్లే, మాటల రచయితలు, దుస్తుల డిజైనర్ వస్తారు. కొన్ని విభాగాల్లో అసిస్టెంట్లూ వస్తారు. మేకప్‌మన్ లేడు. ఫైట్ మాస్టర్ లేడు. సౌండ్ ఇంజినీర్ పేరూ అందులో కనిపించదు. ఇరవై నాలుగు క్రాఫ్టుల పరిశ్రమలో ఎన్నో క్రాఫ్టులు గుమ్మం బయటే!

1977లో సినిమా అంటే సినిమానే. వెబ్ సిరీస్‌లు, ఫోన్లో చూసే రీల్స్, షార్ట్స్ అప్పటికి పుట్టలేదు. కేవలం రీల్స్ కత్తిరించే ఎడిటర్‌ను సినీ కళాకారుడు అనొచ్చా అంటే ఆడిటర్లలోనే ఏకాభిప్రాయం లేదు. పన్ను చట్టాన్ని మొత్తంగా తిరగరాసినప్పుడే ఈ జాబితానూ దుమ్ముదులిపి ఉండాల్సింది.

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ లాంటివాళ్ళు సాధారణంగా వ్యాపారుల లెక్కలోకి, అంటే 44ఏడీలోకి వస్తారు. అక్కడ బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బు మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం చూపితే చాలు. కమీషన్ ఏజెంట్లకు ఆ తలుపు కూడా మూసే ఉంది.

ఏ జాబితాలోనూ ఇమడని వాళ్ళు, రసీదులతో అసలు లాభం లెక్కగట్టేవాళ్ళే నిజంగా నాలుగు పదిహేనులతో బతకాలి. ఒక అనువాదకుణ్ణి తీసుకుందాం. వసూళ్ళు 20 లక్షలు. ఇంటర్నెట్, లాప్‌టాప్ తరుగుదల, ఆఫీసు అద్దె అన్నీ కలిపి ఖర్చు 2 లక్షలు. లాభం 18 లక్షలు, పన్ను 1,66,400. క్లయింట్లు రెండు శాతం కోసి 40 వేలు కట్టారు. మిగిలింది 1,26,400. జూన్‌లో 18,960, సెప్టెంబరులో 37,920, డిసెంబరులో మరో 37,920, మార్చిలో 31,600.. ఇదీ అతని ఏడాది. ఒక్కటీ కట్టకుండా జూలైలో తీరిగ్గా కూర్చుంటే వాయిదాల వడ్డీ 6,379, ఏప్రిల్ తర్వాతి వడ్డీ 5,056. మొత్తం 11,435 రూపాయలు, అతను రాసిన ఏ వాక్యానికీ సంబంధం లేకుండా!

ఊహించడం ఎలా?

"ఆడిటర్ గారూ, జూన్‌లో నాకు ఒక్క పని కూడా లేదు. ఎంత కట్టమంటారు?" ప్రతి ఆడిటర్ ఆఫీసులోనూ వినిపించే ప్రశ్న ఇది. అనుభవమున్న ఆడిటర్ అడిగేది కూడా ఒకటే: "నిరుడు ఎంత వచ్చింది బాబూ?" నిరుటి లెక్క చేతిలో ఉంటే జూన్ వాయిదాకు అది చాలు. సెప్టెంబరుకు అయిదు నెలల బిల్లులు కళ్ళముందుంటాయి, డిసెంబరుకు ఎనిమిది నెలలవి. అంచనా ప్రతి వాయిదాకీ మార్చుకోవచ్చు. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఎక్కువ కట్టినది రిఫండ్‌లో వస్తుంది.

జనవరిలో హఠాత్తుగా పెద్ద ప్రాజెక్టు పడితే మాత్రం చట్టం కరుణించదు. షేర్ల లాభం, డివిడెండ్, లాటరీ లాంటివి ముందుగా ఊహించలేమని ఒప్పుకుని, వచ్చాక మిగిలిన వాయిదాల్లో కడితే వడ్డీ వేయనంటుంది. వృత్తి ఆదాయం తొలిసారి మొదలైన ఏడాదికీ ఇదే దయ చూపుతుంది. ఉద్యోగం మానేసి మధ్యలో ఫ్రీలాన్సింగ్‌లోకి దిగినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాత కాపులకు ఆ దయ లేదు. లాటరీని ఊహించలేమట, నిర్మాత ఎప్పుడు డబ్బిస్తాడో ఊహించగలమట!

మార్చి బిల్లుల గొడవ ఇంకొకటి. కంపెనీ మార్చి 31న బిల్లును ఖర్చు కింద రాసుకుని టీడీఎస్ కట్టేస్తుంది, డబ్బు మేలో ఇస్తుంది. ఐటీ పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో, అందరూ ఏఐఎస్ అనేదానిలో, అది మార్చి ఆదాయంగానే కనిపిస్తుంది. వచ్చినప్పుడే లెక్క రాసుకునే పద్ధతిలో ఉన్నవాళ్ళు ఆ టీడీఎస్‌ను తర్వాతి ఏడాదికి మోసుకెళ్ళాలి. చాలామంది రిటర్న్‌కీ ఏఐఎస్‌కీ పొంతన కుదరక నోటీసు అందుకునేది ఇక్కడే.

యూట్యూబ్ డబ్బు, కంపెనీ ఫోను

యూట్యూబర్ల లెక్కలో రెండు దేశాలున్నాయి. 2021 జూన్ నుంచి అమెరికా ప్రేక్షకులు చూసినందుకు వచ్చే ఆదాయం మీద గూగుల్ ఆ దేశపు పన్ను కోస్తోంది. పన్ను ఫారం నింపిన భారతీయులకు రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం. డల్లాస్, న్యూజెర్సీ తెలుగువాళ్ళు చూసే వంటల ఛానల్‌కి ఇది చిన్న మొత్తం కాదు. అక్కడ కోసినదాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. దానికి గడువులోగా వేరే ఫారం దాఖలు చేయాలి. అది వదిలేసి రెండుచోట్లా కట్టుకుంటున్నవాళ్ళున్నారు.

రివ్యూ చేయమని కంపెనీ ఫోను పంపి, దాన్ని ఉంచేసుకోమంటే అదీ ఆదాయమే. ఏడాదిలో ఒకరి నుంచి అందిన ఇలాంటి ప్రయోజనాలు 20 వేలు దాటితే పది శాతం టీడీఎస్ కట్టాలన్న నిబంధన 2022 జూలై 1 నుంచి ఉంది. 2025లో వచ్చిన రిటర్న్ ఫారాల్లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు 16021 అని ప్రత్యేక కోడ్ కూడా ఇచ్చారు. ప్రభుత్వానికి రీల్స్ చూసే తీరిక ఉందన్నమాట.

ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో వెబ్‌సైట్లు చేసిపెట్టే ఐటీ కుర్రాళ్ళ సంగతి మరో రకం. జీతం 18 లక్షలు, పక్క సంపాదన 4 లక్షలనుకుంటే, 44ఏడీఏ కింద సగం అంటే 2 లక్షలే ఆదాయం. కానీ అది జీతం మీద కూర్చుని నేరుగా 20 శాతం శ్లాబులోకి పోతుంది. సెస్‌తో 41,600 మార్చి 15కి కట్టాలి. ఈ ఆదాయాన్ని కంపెనీకే చెప్పి జీతంలో కోయించుకునే వీలు చట్టంలో ఉంది. చెబితే రెండో పని సంగతి బయటపడుతుందని ఎవరూ చెప్పరు!

ఇక అమెరికాలోని మన కాంట్రాక్టర్లు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో వచ్చాక కంపెనీ ఉద్యోగం వదిలి '1099' ఫారం మీద పనిచేసేవాళ్ళకు గడువులు ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి పదిహేనులు. ఆదాయపు పన్నుతోపాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 15.3 శాతం సొంత ఉపాధి పన్ను అదనం. అయితే అక్కడి చట్టంలో ఒక మంచి ఉంది: నిరుటి మొత్తం పన్నుకు సమానంగా (ఆదాయం లక్షన్నర డాలర్లు మించితే 110 శాతం) వాయిదాల్లో కట్టేస్తే, ఈ ఏడు ఎంత సంపాదించినా వాయిదాల జరిమానా లేదు. ఊహించే బాధ తప్పుతుంది. మన చట్టానికి ఈ ఒక్క నిబంధన అరువు తెచ్చుకున్నా చాలు.

ఒకే పేరు, రెండు ఏడాదులు

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. 44ఏడీఏ ఇప్పుడు సెక్షన్ 58లో, జీతానివి కాని టీడీఎస్ నిబంధనలు సెక్షన్ 393లో కలిశాయి. నోళ్ళలో మాత్రం పాత నంబర్లే ఇంకొన్నాళ్ళు నడుస్తాయి. అసలు ప్రమాదం చలానా దగ్గర ఉంది. పాత చట్టంలో 2025-26లో సంపాదించినదానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. కొత్త చట్టంలో 2026-27లో సంపాదించేదానికి పన్ను సంవత్సరం 2026-27. అంకెలు ఒకటే, ఏడాదులు వేరు. నిరుటి బాకీ, ఈ ఏటి ముందస్తు పన్ను రెండూ కట్టేవాళ్ళు ఏ చట్టం కింద కడుతున్నారో చూసుకుని మరీ నొక్కాలి. పన్ను రకం దగ్గర అడ్వాన్స్ ట్యాక్స్‌కి 100, రిటర్న్‌తోపాటు కట్టే సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి 300 అన్న తేడా కూడా అంతే ముఖ్యం.

జీఎస్టీ వేరే కథ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవల వసూళ్ళు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. క్లయింట్ నుంచి తీసుకున్న 18 శాతం మనది కాదు కాబట్టి దాన్ని ఆదాయంలో కలిపి లెక్కవేయకూడదు, ఖర్చు పెట్టుకోకూడదు.

డెలివరీ సంచి మోసే కుర్రాళ్ళకు, క్యాబ్ నడిపేవాళ్ళకు ఈ వాయిదాల బెడద దాదాపు లేదు. ఆదాయం 12 లక్షలకు దరిదాపుల్లోకి రాదు. కానీ చెల్లింపుల్లోంచి ఒక్క శాతం కోసినా అది వాళ్ళ డబ్బే. రిటర్న్ వేయకపోతే తిరిగిరాదు.

కాబట్టి ఫ్రీలాన్సర్లకు ఒకటే విన్నపం. వచ్చే గడువుకు పది రోజుల ముందు ఐటీ పోర్టల్‌లో ఏఐఎస్ తెరిచి, ఎవరు ఎంత శాతం కోశారో, ఎవరు అసలు కోయలేదో ఒక కాగితం మీద రాసుకోండి. మీ వృత్తి జాబితాలో ఉందో లేదో ఆడిటర్‌ని సూటిగా అడగండి. ఆ రెండూ తెలిశాక కట్టాల్సిన అంకె తేలడానికి అరగంట పట్టదు.